నడుము నొప్పికి మంచం మందు కాదు

సోమవారం ఉదయం మా ఫిజియోథెరపీ గది ముందు బల్లల మీద కూర్చున్నవారిని చూస్తే, సగానికి సగం మంది ఒక చెయ్యి నడుము మీద వేసుకునే ఉంటారు. ఒకామె "నరం మీద నరం పడిందమ్మా" అంటుంది. ఇంకొకాయన "పూసలు అరిగిపోయాయన్నారు" అంటాడు. మరొకరు "డిస్కు జరిగింది, ఇక జన్మలో వంగొద్దన్నారు" అంటారు. చేతిలో పెద్ద ఎంఆర్‌ఐ కవరు, నడుముకి బెల్టు, సంచిలో నొప్పి బిళ్ళలు. లోపలికి వచ్చి కూర్చోగానే అందరూ అడిగేది మాత్రం ఒకటే. "మేడమ్, కరెంటు పెట్టండి. పది రోజులు పెడితే తగ్గిపోతుందంట."

ఇరవై ఏళ్ళ క్రితం నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అడిగినవారికి అడిగినట్టే కరెంటు పెట్టేదాన్ని. వేడి పెట్టే మిషను, అల్ట్రాసౌండ్ మిషను, జిలజిలమనిపించే ఐఎఫ్‌టీ మిషను, నడుముకి పట్టీ కట్టి లాగే ట్రాక్షన్ బల్ల. పదిహేను నిమిషాలు హాయిగా పడుకుని లేచేవారు. పది రోజులయ్యాక కొంచెం నయంగా ఉందని చెప్పి వెళ్ళిపోయేవారు. ఆరు నెలలు తిరగకుండానే అదే మనిషి, అదే బల్ల, అదే నొప్పి. అప్పట్లో నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఇప్పుడు కనిపిస్తోంది గనుకనే ఇది రాస్తున్నాను. నడుము నొప్పికి ఫిజియోథెరపీలో అసలు పని మా మిషన్లది కాదు, మేము నేర్పిన తరువాత ఇంట్లో మీరు చేసుకునేదే అసలు వైద్యం. ఈ మాట చెప్పగానే కొందరికి కోపం వస్తుంది. "ఇంట్లో చేసుకునేదానికి ఇంత దూరం బస్సెక్కి రావడం దేనికి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు, కాస్త ఓపికగా చదవండి.

ముందుగా ఒక సంగతి. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పి గురించి మొట్టమొదటిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. మూడు నెలలు దాటినా తగ్గకుండా, ఫలానా జబ్బు అని చెప్పలేని నొప్పికి ఏం చెయ్యాలో అందులో ఉంది. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పాలి, వ్యాయామం చేయించాలి, మర్దన వంటి కొన్ని చేతి చికిత్సలు చెయ్యవచ్చు, మనసుకు కూడా ధైర్యం, శిక్షణ ఇవ్వాలి, అవసరాన్నిబట్టి నొప్పి మందులు వాడవచ్చు. మామూలుగా వాడవద్దని చెప్పినవాటిలో ఏమున్నాయో చూడండి: నడుము బెల్టులు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, కరెంటుతో నొప్పి తగ్గించే టెన్స్ మిషను. అంటే మీరు బస్సెక్కి వచ్చి మరీ అడిగేవన్నీ ఆ పట్టికలోనే ఉన్నాయి. మా గదిలో ట్రాక్షన్ బల్ల ఇంకా ఉంది. దాని మీద ఇప్పుడు దిండ్లు, దుప్పట్లు సర్దుకుంటున్నాం.

2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారని లెక్క వేశారు. మనుషులను పనికి దూరం చేసే కారణాలన్నిటిలోనూ మొదటి స్థానం దీనిదే. ఇంతమందికి వచ్చే నొప్పి ఇంతమందికీ పెద్ద జబ్బు అయి ఉండదు. నూటికి తొంభై మందిలో ఏ ఒక్క పూసనో, నరాన్నో చూపించి 'ఇదే కారణం' అని చెప్పడం కుదరదు. నడుములో ఐదు పూసలు, వాటి మధ్య మెత్తలుగా డిస్కులు, చుట్టూ కండరాలు, కీళ్ళు, నరాలు ఉంటాయి. వాటిలో ఏదో బెణుకుతుంది, బిగుసుకుంటుంది. చాలామందికి ఆరు వారాల లోపే బాగా తగ్గుతుంది.

మరి ఎంఆర్‌ఐలో డిస్కు ఉబ్బిందని స్పష్టంగా రాసి ఉంది కదా అంటారు. 1994లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. నడుము నొప్పి అసలు లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీశారు. వారిలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతం మందిలో డిస్కు బయటికి పొడుచుకువచ్చి ఉంది. అయినా వారికి నొప్పే లేదు. నొప్పి లేని మూడు వేలమందికి పైగా మనుషుల స్కానింగులను కలిపి 2015లో మరొక లెక్క తీశారు. 20 ఏళ్ళ వయసులోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, 80 ఏళ్ళకి 96 శాతం మందికి. పాత ఇంటి గడప అరిగి ఉంటుంది. అంతమాత్రాన ఇల్లు కూలిపోతుందని ఎవరూ ఖాళీ చెయ్యరు కదా. వారాల కూలి డబ్బులు పెట్టి తీయించుకున్న ఆ ఫొటోలో 'అరుగుదల' అనే మాట చదివిన రోజు నుండి నడవడానికే భయపడిన మనుషులను నేను చూశాను. వారిని ముంచింది ఆ మాట పుట్టించిన భయమే. ఎంఆర్‌ఐ కావలసిన సందర్భాలు ఉన్నాయి, అవి కింద రాస్తాను. వైద్యులు అడగకుండా మనంతట మనమే 'ఎందుకైనా మంచిది' అని తీయించుకోవడం మాత్రం మంచిది కాదని నా అభిప్రాయం.

ఇక మంచం సంగతి. నడుము పట్టేసిందంటే మన ఇళ్ళలో మొదటి సలహా 'కదలకుండా పడుకో'. రెండో సలహా, ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత తన్నించుకోమని. రెండోది వింటే నవ్వొస్తుంది గానీ, నిజం చెప్పాలంటే హాని విషయంలో మొదటిదే ఎక్కువ. పూర్వం డాక్టర్లే రెండు మూడు వారాలు బల్ల మీద పడుకోమని రాసేవారు. 1986లో అమెరికాలో కొంతమంది రోగులకు 2 రోజులు, కొంతమందికి 7 రోజులు పడక విశ్రాంతి చెప్పి చూశారు. 2 రోజులే పడుకున్నవారు తక్కువ రోజులు పని మానుకున్నారు, నొప్పి తగ్గడంలో వీరికి నష్టమేమీ జరగలేదు. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి నగర ఉద్యోగులను మూడు జట్లుగా చేశారు: పడుకున్నవారు, నొప్పి మొదలైన వెంటనే ప్రత్యేక వ్యాయామాలు చేసినవారు, ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవారు. అందరికంటే త్వరగా కోలుకున్నది మూడో జట్టు. ఫిజియోథెరపిస్టుగా నాకు ఇందులో కొంచెం చేదు కూడా ఉంది, ఎందుకంటే తీవ్రమైన నొప్పి ఉన్న మొదటి రోజుల్లో మా వ్యాయామాలకంటే మామూలుగా ఇంట్లో తిరగడమే మేలని తేలింది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. మా వ్యాయామాల బలం ఆ మొదటి వారం తరువాత, నొప్పి వదలకుండా ఉన్నప్పుడు, తగ్గినది మళ్ళీ రాకుండా ఉండడానికి.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే విషయానికి వస్తాను. సంఘ కుటుంబాలలోని తల్లులు, అత్తలు, భర్తలు కూడా ఈ భాగం తప్పక చదవాలని కోరుతున్నాను.

మొన్నీమధ్య ముప్పై రెండేళ్ళ ఒకామె వచ్చింది. మిరపకాయల కోతకు, కలుపుకు వెళ్ళే మనిషి. ఇద్దరు పిల్లలు. నడుము నొప్పి, తెల్లబట్ట అవుతోందని ఎక్కడో చూపించుకుంటే గర్భసంచి పుండు పడింది, తీసేస్తే నడుము నొప్పి పోతుందన్నారట. ఇరవై తొమ్మిదేళ్ళకే తీయించేసుకుంది. వడ్డీకి తెచ్చిన డబ్బు. మూడేళ్ళయింది. "అప్పు తీరలేదు, నడుము నొప్పీ పోలేదమ్మా" అంది. ఆమె నడుమును పరీక్షించడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. పొట్ట కండరాలు, పిరుదు కండరాలు బలహీనంగా ఉన్నాయి, తొడ వెనుక కండరాలు బిగుసుకుపోయాయి, నరం దెబ్బతిన్న లక్షణం ఏదీ లేదు. ఆపరేషనుకి ముందే ఎవరైనా ఈ ఇరవై నిమిషాలు కేటాయించి ఉంటే ఎలా ఉండేదో అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

ఈమె ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. ఇలాంటి అనవసర ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాన్సర్, ఆగని రక్తస్రావం, పెద్ద గడ్డల వంటి కారణాలతో గర్భసంచి తీయవలసిన సందర్భాలు నిశ్చయంగా ఉన్నాయి. అలాంటప్పుడు ఆలస్యం చేయకూడదు. నెలసరి సమయంలో కొందరికి నడుము లాగడం కూడా నిజమే. కానీ వంగినప్పుడు, బరువెత్తినప్పుడు, ఎక్కువసేపు కూర్చున్నప్పుడు పెరిగే నొప్పి నడుములోని కండరాలు, కీళ్ళకు సంబంధించినది. గర్భసంచి తీస్తే అది పోదు. పైగా గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లుడిగే దశ ముందే వస్తుంది. అంటే నలభైలలో వచ్చే నడుము నొప్పి కోసం చేసిన వైద్యం, అరవైలలో వెన్నుపూస విరగడానికి దారి వేస్తుంది. 'నడుము నొప్పికి గర్భసంచి తీయాలి' అని ఎవరైనా అంటే, దయచేసి వెంటనే ఒప్పుకోకండి. ఇంకొక స్త్రీల వైద్య నిపుణురాలికి చూపించండి. ఆరు నుండి ఎనిమిది వారాలు వ్యాయామం చేసి చూడండి. అంతవరకు ఆగితే నష్టం కలిగించే పరిస్థితి ఏదైనా ఉంటే ఆ వైద్యురాలే మీకు చెబుతారు.

ఇలాంటిదే ఇంకొక నమ్మకం, 'కాన్పుకి వెన్నులో ఇంజెక్షను ఇచ్చారు, అప్పటి నుండి నడుము నొప్పి' అని. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి అది కారణం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. మరి నొప్పి ఎందుకు? గర్భవతులలో దాదాపు సగం మందికి ఇంజెక్షను లేకుండానే నడుము నొప్పి వస్తుంది. తొమ్మిది నెలలు సాగిన పొట్ట కండరాలు వదులుగా ఉంటాయి. ఆపైన బాలింతను కదలనివ్వం, చెవుల్లో దూది పెట్టి మంచం దిగనివ్వం. నెల తిరిగేసరికి బిడ్డను ఎత్తుకోవాలి, ఒంగి స్నానం చేయించాలి, రాత్రిళ్ళు కూర్చుని పాలివ్వాలి. బలం పెంచకుండా బరువు పెంచాం, ఆ తరువాత నింద సూది మీద వేశాం. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆపరేషనుతోనే పుట్టారు. ఫిజియోథెరపిస్టునై ఉండి కూడా మొదటి కాన్పు తరువాత నేను ఏ వ్యాయామమూ చెయ్యలేదు, ఎనిమిది నెలలు నడుము పట్టుకునే తిరిగాను. రెండోసారి వైద్యురాలు సరేనన్నాక నెమ్మదిగా మొదలుపెట్టాను. తేడా నాకే తెలిసింది.

సరే, వ్యాయామం అంటే ఏమిటి? అందరికీ ఒకే కాగితం ఇచ్చి పంపడం కాదు. ఇక్కడికి ఎందుకు రావాలన్నదానికి జవాబు ఇదే. కొందరికి ముందుకు వంగితే నొప్పి పెరుగుతుంది, కొందరికి వెనక్కి వంగితే పెరుగుతుంది. ఏది ఎవరికో కదిలించి చూస్తేనే తెలుస్తుంది. న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు ఉండేవారు, 2013లో చనిపోయారు. 1956లో ఆయన దగ్గరికి నడుము నుండి కాలిలోకి నొప్పి పాకిన ఒక రోగి వచ్చాడు. వెళ్ళి బల్ల మీద బోర్లా పడుకోమన్నారట. ఆ బల్ల తల వైపు ఎత్తుగా లేపి ఉందని ఎవరూ చూడలేదు. నడుము వెనక్కి వంగిపోయి ఉన్న ఆ భంగిమలోనే అతను కాసేపు పడుకున్నాడు. ఆయన వచ్చి చూసి కంగారుపడ్డారు, ఎందుకంటే అప్పటి వైద్యం ప్రకారం అది చాలా ప్రమాదం. రోగి మాత్రం కాలి నొప్పి పోయిందన్నాడు. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ పైకెత్తే వ్యాయామం ప్రపంచమంతా పాకింది ఆ పొరపాటు నుండే. ఇందులో మీకు పనికొచ్చే గుర్తు ఒకటుంది. వ్యాయామం చేస్తుంటే కాలిలోని నొప్పి పైకి జరిగి నడుములోకి వస్తే, నడుములో కాస్త ఎక్కువైనా అది మంచి సూచన. కాలి కిందికి ఇంకా దిగుతుంటే ఆ వ్యాయామం ఆపి మాకు చెప్పాలి.

చాలామందికి మేము మొదట నేర్పేవి ఇవి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, నడుమును నేలకి ఆనించి ఐదు లెక్కపెట్టడం. అదే భంగిమలో పిరుదులను వంతెనలా పైకెత్తి నెమ్మదిగా దించడం. చేతులు, మోకాళ్ళ మీద పిల్లిలా నిలబడి వీపును పైకి కిందికి వంచడం, అలవాటయ్యాక కుడి చెయ్యి ఎడమ కాలు, ఎడమ చెయ్యి కుడి కాలు చాపడం. ఒక్కొక్కటి పది సార్లతో మొదలు. ఊపిరి బిగపట్టకూడదు. కొద్దిగా నొప్పి ఉంటే భయం లేదు, మరునాటికి కూడా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించాలి. అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. చాప ఉంటే చాలు, మంచం మీద పరుపులో చేస్తే లాభం లేదు.

ఆ ఇరవై నిమిషాలే మన ఇళ్ళలో ఆడవారికి దొరకవు. వ్యాయామాలు నేర్చుకుని వెళ్ళి రెండు వారాల తరువాత తిరిగివచ్చినవారిని "చేశారా?" అని అడిగితే తల దించుకుంటారు. బద్ధకం అని నేను ఒకప్పుడు మందలించేదాన్ని. తరువాత ఒక కోడలు చెప్పింది: "పొద్దున్నే చాప వేసుకుని కాళ్ళెత్తుతుంటే మా మామగారు వసారాలోనే ఉంటారు మేడమ్. తలుపేసుకుంటే అత్తగారు ఏంటమ్మా ఇంకా లేవలేదా అంటారు." ఆ మాట తరువాత నేను మందలించడం మానేసి, తోడు వచ్చినవారిని కూడా లోపలికి పిలవడం మొదలుపెట్టాను. వచ్చిన ఒక అత్తగారి చేత కూడా వంతెన వ్యాయామం చేయించాను. ఆవిడకీ పదేళ్ళుగా నడుము నొప్పి ఉందట! ఇప్పుడు ఆ ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ తలుపేసుకుని చేస్తున్నారని విన్నాను. మందుల చీటీకి విలువిచ్చినట్టే వ్యాయామం చీటీకి కూడా ఇంటిల్లిపాదీ విలువివ్వాలి. బిళ్ళ మింగడానికి క్షణం చాలు, దీనికి ఇరవై నిమిషాలు కావాలి. ఆ సమయం ఆమెకు ఇచ్చే బాధ్యత భర్తది, అత్తగారిది.

బరువుల విషయం కూడా ఇంతే. 20 లీటర్ల నీళ్ళ క్యాను అంటే 20 కిలోలు. గ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, సిలిండరుతో కలిపి ఇంచుమించు 30. బియ్యం బస్తా 25. వీటిని గడప దాటించేది ఎవరో ఒక్కసారి మీ ఇంట్లో చూసుకోండి. మోకాళ్ళు వంచి ఎత్తు, వీపు నిటారుగా పెట్టు అని పాఠం చెప్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గలేదని పరిశోధనలు చెబుతున్నాయి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, ఎత్తి తిరిగేటప్పుడు నడుము మెలితిప్పకుండా పాదాలతో తిరగడం మంచిదే. అంతకంటే మంచిది బరువును తగ్గించడం. నిండు బిందె ఒకసారికి బదులు సగం బిందె రెండుసార్లు. క్యానును ఇద్దరు పట్టుకోవడం. సిలిండరును దొర్లించడం.

వరినాట్లకు వెళ్ళేవారికి ఒకప్పుడు నేను 'వంగకూడదు' అని రాసిచ్చేదాన్ని. ఒక పెద్దామె ఆ కాగితం నా చేతిలోనే పెట్టి, "వంగకుండా నాటు ఎట్టా వేస్తారో నువ్వొచ్చి చూపించు తల్లీ" అంది. సిగ్గుపడ్డాను. వంగడం నేరం కాదు, వెన్ను వంగడానికే పుట్టింది. గంటల తరబడి ఒకే తీరుగా వంగి ఉండడమే ఇబ్బంది. గట్టు చేరిన ప్రతిసారీ నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగమని ఇప్పుడు చెబుతున్నాను. బీడీలు చుట్టేవారు, మగ్గం మీద కూర్చునేవారు, కుట్టు మిషను తొక్కేవారు, ఆటో నడిపేవారు, కంప్యూటరు ముందు కూర్చునే మన పిల్లలు అందరికీ ఇదే సూత్రం. అరగంటకొకసారి లేవండి, నాలుగు అడుగులు వేయండి. చర్చిలో చాప మీద రెండు గంటలు కూర్చోలేనివారు మధ్యలో లేచి వెనుక గోడ దగ్గర నిలబడితే అది అమర్యాద అని దయచేసి ఎవరూ అనుకోవద్దు. కుర్చీలు ముసలివారికే అన్న నియమం కూడా ఎక్కడా రాసి లేదు.

తగ్గిన నొప్పి మళ్ళీ వస్తుందా? వస్తుంది. కోలుకున్నవారిలో పదిమందికి ఇంచుమించు ఏడుగురికి ఏడాదిలోపే తిరగబెడుతుంది. అందుకే 2024లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఒక ఫలితం నాకు చాలా నచ్చింది. నడుము నొప్పి తగ్గిన 701 మందిని తీసుకున్నారు, వారిలో ఎక్కువమంది స్త్రీలే. సగం మందికి ఫిజియోథెరపిస్టు సలహాతో నడక నేర్పారు. నెమ్మదిగా పెంచుకుంటూ ఆరు నెలల్లో వారానికి 5 సార్లు, 30 నిమిషాల చొప్పున నడవడం లక్ష్యం. మిగతా సగం మందికి ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు. నడవనివారిలో సగం మందికి 112 రోజులలోపే నొప్పి తిరిగివచ్చింది. నడిచినవారిలో అలా సగం మందికి రావడానికి 208 రోజులు పట్టింది. మిషను లేదు, బెల్టు లేదు, ఖర్చు చెప్పుల జత. అంతకుముందు 2016లో ఎన్నో పరిశోధనలను కలిపి చూసినప్పుడు కూడా వ్యాయామం, అవగాహన రెండూ కలిస్తే కొత్తగా నొప్పి వచ్చే అవకాశం సుమారు 45 శాతం తగ్గిందని, బెల్టుల వలన, బూట్లలో పెట్టే అట్టల వలన లాభం కనిపించలేదని తేలింది. అయితే పొలంలో రోజంతా నడిచేవారు 'మాకింకా నడకెందుకు' అంటారు. నిజమే, పని అలసట వేరు. వారికి నడకకంటే పైన చెప్పిన బలం పెంచే వ్యాయామాలు, విరామం ముఖ్యం.

నొప్పి ఇంజెక్షన్ల గురించి ఒక్క మాట. నడుము పట్టిన ప్రతిసారీ ఊళ్ళో సూది పొడిపించుకుని పనిలోకి వెళ్ళేవారున్నారు. నొప్పి బిళ్ళలు, సూదులు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవారికి ఇంకా ప్రమాదం. పిరుదులో తప్పు చోట పొడిస్తే కాలి నరమే దెబ్బతినవచ్చు.

ఇంతసేపూ భయపడవద్దని చెప్పాను గానీ, భయపడవలసినవీ కొన్ని ఉన్నాయి. మూత్రం బిగిసిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, కాలు లేదా పాదం పైకి లేవకపోవడం. ఈ మూడింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి రండి. నరాలు నొక్కుకుపోయినప్పుడు గంటలు కూడా లెక్కే. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే వెన్నుపూస క్షయ కావచ్చు. మన దేశంలో అది ఇప్పటికీ ఉంది. మందులతో నయమవుతుంది, ఆలస్యమైతే మాత్రం కాళ్ళు చచ్చుబడతాయి. ఇంతకుముందు కాన్సరు వచ్చినవారు, పడి దెబ్బ తగిలినవారు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారు, వయసు మళ్ళి జారిపడినవారు ముందుగా డాక్టరుగారికి చూపించుకోవాలి. కుర్రవాళ్ళకి పొద్దున లేవగానే నడుము అరగంటకు పైగా కొయ్యలా బిగిసి, తిరిగేకొద్దీ వదులవుతుంటే అది కీళ్ళవాతంలో ఒక రకం కావచ్చు, దానికి వేరే మందులున్నాయి. వీరికి ఎంఆర్‌ఐ, రక్తపరీక్షలు కావాలి. వ్యాయామం అంటూ నేను వారిని ఆపను.

చివరిగా ఒక మనవి. మన సంఘాలలో వారానికొకసారి స్త్రీల సమాజం కూడుకుంటుంది. ఆ కూడికకు ముందో తరువాతో ఇరవై నిమిషాలు మాకు ఇస్తే మా విభాగం నుండి ఒకరు వచ్చి వ్యాయామాలు నేర్పుతారు. నాలుగు వారాలు వరుసగా చేస్తే తరువాత మీలో ఒకరే నడిపించుకోవచ్చు. అక్కడ తలుపు వేసి ఉంటుంది, మామగారు ఉండరు, ఎవరూ 'ఇంకా లేవలేదా' అనరు. కావలసినవారు ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘ పెద్దలకు పేరు చెప్పండి. ఒక చాప తెచ్చుకోండి, వదులుగా ఉండే బట్టలు, వీలైతే పంజాబీ డ్రెస్సు వేసుకోండి. పాత రిపోర్టులుంటే తీసుకురండి, చూస్తాము. మీ ఇంట్లో నీళ్ళ క్యాను ఎవరు ఎత్తుతారో వారిని కూడా వెంటబెట్టుకుని రండి.